తీసే హక్కు లేని పాస్‌వర్డు

2006 జనవరి 18, బుధవారం

ఎక్కింది! నెట్‌లోకి నాలుగు వందల పన్నెండు ఫైళ్ళు, మూడు మధ్యాహ్నాలు. మా కంప్యూటర్ సెంటర్ ఓనరు సంపూర్ణమ్మ గారు భోజనానికి ఇంటికి వెళ్ళే ఆ గంటన్నరలోనే ఎక్కించాలి. సోమవారం సగంలో కరెంటు పోయింది. నిన్న పాస్‌పోర్టు దరఖాస్తు నింపమని గన్నవరం నుంచి ఒకాయన వచ్చి, భార్య పుట్టిన తేదీ గుర్తు రాక గంట తిన్నాడు. ఇవాళ రెండుంబావుకి చివరి పేజీ కనిపించింది: మీ ఫోరం సిద్ధం, మీరే అడ్మినిస్ట్రేటరు. నేనట! ఈ ఇంట్లో గ్యాసు బండ ఎప్పుడు మార్చాలో కూడా వదిన చెబితేనే మారుస్తాను, నేను అడ్మినిస్ట్రేటరునట.

అదే పేజీలో కింద ఎర్ర అక్షరాలు. ఇన్‌స్టాల్ అనే ఫోల్డరును వెంటనే తీసేయండి, లేకపోతే ఎవరైనా ఆ దారినే వచ్చి అడ్మినిస్ట్రేటరు కావచ్చు అని. తీయబోయాను. తీయడానికి మీకు అనుమతి లేదు అంది.

ఉండదు మరి. నాకు ముందు పనిచేసిన ఆపరేటరు జీతం దగ్గర గొడవపడి, వెళ్తూ వెళ్తూ సెంటర్ వెబ్‌సైటంతా తుడిచేసి పోయాడు. అప్పట్నుంచీ సంపూర్ణమ్మ గారు ఎవరికీ తీసే హక్కు ఇవ్వనివ్వడం లేదు. నా పాస్‌వర్డుతో ఎక్కించడమే గానీ తీయడం కుదరదు. తీయాలంటే బెంజ్ సర్కిల్ మేడ మీద వెంకటసుబ్బారావు గారి దగ్గరికి పోవాలి. ఆయన దగ్గరే ఆవిడ నెట్‌లో జాగా కొనుక్కుంది. ఆ జాగాలో ఒక మూల నేను ఆవిడకు చెప్పకుండా గుడిసె వేశాను.

ఎవరు చూడొచ్చారులే. ఇందులో భయపడాల్సిందేం లేదు.

జనవరి 19

ఈ డైరీ బియ్యం డబ్బా అడుగున పెడుతున్నాను. అన్నయ్యకీ వదినకీ ఉర్దూ తప్ప చదవడం రాదు. మా అమ్మాయి ఇల్మాది ఇంగ్లీషు మీడియం, తొమ్మిదేళ్ళొచ్చినా తెలుగు కూడబలుక్కోవాలి. అయినా డబ్బాలోనే ఉండనీ.

ఆసుపత్రి కౌన్సెలర్ తెరేసమ్మ గారికి ఫోన్ చేసి ఫోరం అయిందని చెప్పాను. చిన్నపిల్లలా కేకేసింది ఆవిడ. మా ఆయన రవూఫ్ పోయిన నెలకి ఆసుపత్రిలో నా రక్తం కూడా చూసి, తలుపేసి, చెయ్యి పట్టుకుని పాజిటివ్ అని చెప్పింది ఈవిడే. రెండేళ్ళయింది. ఇల్మాకి లేదు, అల్‌హందులిల్లా. అన్నయ్య వాళ్ళ లెక్కలో రవూఫ్ టీబీతో పోయాడు. వాళ్ళ మేడ మీద గదిలో మేమున్నది ఆ లెక్క మీదే. వాళ్ళ అమన్, మా ఇల్మా ఒకే పళ్ళెంలో తింటారు. నిజం తెలిస్తే ఆ పళ్ళెం వేరైపోతుంది.

ఆ జబ్బు పేరు ఇక్కడ కూడా రాయను.

మందుల రోజున మేమందరం ఆసుపత్రి బెంచీ మీద పక్కపక్కనే కూర్చుంటాం. చున్నీలు, తువ్వాళ్ళు, కొంగులు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడం. పోయిన నెల తెరేసమ్మ గారే అంది, "నజీరా, నువ్వు కంప్యూటరు పనేగా చేసేది. మొహాలు కనపడకుండా వీళ్ళు మాట్లాడుకునే చోటేదన్నా కట్టరాదూ" అని. కట్టాను.

జనవరి 23

ఇరవై ముగ్గురయ్యారు! అసలు పేర్లు వద్దు, మామిడి పేర్లు పెట్టుకోండి అంది తెరేసమ్మ గారు. ఆవిడది నూజివీడు వైపు, ఇంకేం తడుతుంది ఆవిడకి. బంగినపల్లి, తోతాపురి, సువర్ణరేఖ, చెరకురసం, జలాలు. నేను కొత్తపల్లి కొబ్బరి. ఒకాయన పచ్చడికాయ అని పెట్టుకున్నాడు, పుల్లటి మనిషే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతూ రాసుకుంటున్నాం. ఇవాళ మందుల వల్ల వచ్చే వాంతుల గురించి రాసుకుంటూ రాసుకుంటూ అందరం ఆవకాయలోకి దిగాం. నేను సెంటర్లో కూర్చుని పైకే నవ్వేశాను. సంపూర్ణమ్మ గారు అద్దాల పైనుంచి చూసింది. "ఏంటమ్మాయ్, దరఖాస్తులో జోకులు కూడా వస్తన్నాయా?" అంది.

చేరే ఫారం కూడా నేనే తయారు చేశాను. ఆ ముక్క రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పన్నెండేళ్ళ నుంచి అక్కడా ఇక్కడా ఫారాలు నింపుతున్నదాన్ని, ఒక్క గడి తక్కువ పెడతానా? పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు. అన్నింటికీ చుక్క గుర్తు, తప్పనిసరి. ఒక్కళ్ళూ వదలకుండా నింపారు. అడ్మినిస్ట్రేటరుకి తప్ప ఎవరికీ కనపడవు.

జనవరి 27, శుక్రవారం

మా ఇరవై ముగ్గురిలో ఒకతె, చిన్నరసం, ఇవాళ వచ్చింది. శుక్రవారం కుట్టు క్లాసుకని చెప్పి టౌనుకి వస్తుంది, పక్కనే నెట్ సెంటరు. వారానికి ఆ అరగంటే. దివిసీమ వైపు పల్లెటూరు. ఇరవై రెండేళ్ళు, నిండు నెలలు.

ఇలా రాసింది: "అక్కా, నొప్పులప్పుడు ఆ మాత్ర వేసుకుని, పుట్టగానే పాపకి చుక్కలు వేస్తే చాలావరకు రాదంట కదా. మా అత్తగారు కాన్పు ఇంట్లోనే మంత్రసానితో అంటంది. మా ఆయన నోరు విప్పడు. ఈయన వల్లే కదా అక్కా నాకు."

తెరేసమ్మ గారి పేరు చెప్పు, ఉమ్మనీరు తగ్గిందని డాక్టరమ్మ రమ్మందని ఇంట్లో చెప్పు, నొప్పులు మొదలవగానే ఆసుపత్రికొచ్చేయి, మాత్ర నీ పేరున తీసి ఉంచుతారు అని రాశాను. తను "వస్తా అక్కా, ఒట్టు" అంది. ఫిబ్రవరి రెండో వారం కాన్పు.

ఒట్టు అన్న మాట పది సార్లు చదువుకున్నాను.

జనవరి 30

లోపలికి వెళ్ళినప్పుడల్లా పైన ఆ ఎర్ర గీత. ఇన్‌స్టాల్ ఫోల్డరు తీసేయండి. అలవాటైపోయింది.

రేపు ఏదన్నా చూస్తాను.

ఫిబ్రవరి 3, శుక్రవారం

యా అల్లా.

ఫిబ్రవరి 4

నిన్న మధ్యాహ్నం మూడున్నరకు ఫోరం తెరిస్తే నల్లటి పేజీ. మధ్యలో పుర్రె. కింద ఇంగ్లీషులో, మీ తలుపు తెరిచే ఉంది, ఇప్పుడు అడ్మినిస్ట్రేటరుని నేను అని. ఎవడో ఏ దేశం వాడో, మీసాలు రాని వాడై ఉంటాడు. వాడికి తెలుగు రాదు, మేం ఎవరమో తెలియదు, ఇలాంటివి రోజుకి వంద చేస్తాడట. నెట్‌లో చదివాను. కాబట్టి భయపడాల్సిందేం లేదు.

నా పాస్‌వర్డు పనిచేయలేదు. వాడు వచ్చిన ఇన్‌స్టాల్ దారినే నేనూ దూరాను. అంతే, మళ్ళీ నేను అడ్మినిస్ట్రేటరుని. ఇంత తేలికా! కోళ్ళగూటికి కూడా ఇంతకన్నా గట్టి గొళ్ళెం ఉంటుంది. పుర్రె తీసేశాను, వాణ్ణి తీసేశాను.

ఆ తర్వాత గుర్తొచ్చింది ఫారం.

అడ్మినిస్ట్రేటరుకి తప్ప ఎవరికీ కనపడవు అని గొప్పగా రాసుకున్నాను కదా. నిన్న అడ్మినిస్ట్రేటరు వాడు. భర్త పేరు, ఊరు, మండలం, ఫోను. నోరు లేని ఇరవై ముగ్గురి మెడలో నేనే పలకలు కట్టి బజార్లో నిలబెట్టాను. ఎవరడిగారు నన్ను భర్త పేరు? మామిడి పేర్లు పెట్టుకున్న చోట భర్త పేరెందుకు? ఎందుకంటే ప్రతి ఫారంలో ఉంటుంది కనక. నా మొహం మండ.

గడులన్నీ తీసేశాను. అందులో ఉన్న రాతలతో సహా పోయాయి. చిన్నరసం వివరాల దగ్గర కాసేపు ఆగాను. నంబరేమీ రాసుకోలేదు.

ఫిబ్రవరి 6, సోమవారం

ఉదయం తెరిస్తే మళ్ళీ పుర్రె. ఈసారి ఇంకోడు, ఇంకో పేరు. తలుపు తెరిచి ఉన్నంతకాలం ఇంతే.

వెంకటసుబ్బారావు గారి దగ్గరికి వెళ్ళాను. మేడ మెట్ల దగ్గరే చెప్పులు విప్పాలి, కంప్యూటర్లకి దుమ్ము పడదు. లోపల ఏసీ, అగరొత్తుల వాసన. ఆయన గొంతు మామూలుగానే మైకులో మాట్లాడినట్టుంటుంది.

"ఏంటమ్మాయ్, సంపూర్ణమ్మ గారి సెంటర్‌దానివి కదూ?"

"అవునండి. చిన్న పనండి. ఒక ఫోల్డరు తీసెయ్యాలండి."

"ఏం ఫోల్డరు?"

"కస్టమర్లు ప్రశ్నలు అడగడానికని ఒకటి పెట్టామండి." నోట్లోంచి తేనెలా వచ్చింది అబద్ధం.

"పెట్టామంటే? ఆవిడ నాతో అనలేదే. అకౌంటు ఆవిడ పేరున ఉందమ్మా. ఆవిడ చెప్పందే నేను వేలు పెట్టను. అంతకుముందు జరిగింది తెలుసుగా? ఉండు, ఇప్పుడే అడుగుదాం." ఫోన్ ఎత్తాడు.

"వద్దులెండి! మళ్ళీ వస్తాను." అక్కడ పనిచేసే ఇద్దరూ తలెత్తి చూశారు. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి రోడ్డు దాకా వచ్చేశాను. మళ్ళీ మెట్లెక్కి తెచ్చుకున్నాను. సిగ్గుతో చచ్చాను.

ఫిబ్రవరి 7

తెరేసమ్మ గారు ఫోన్ చేసింది. చిన్నరసం శుక్రవారం నాడే పుర్రెను చూసిందట. కాయిన్ బాక్సు నుంచి ఆవిడకు ఫోన్ చేసి, "మన పేర్లు బయటపడ్డట్టే కదండీ. నేనింక ఆసుపత్రికి రాను. నాకు ఫోన్ చెయ్యబాకండి, మా అత్త ఎత్తుద్ది" అని పెట్టేసిందట.

"ఇంట్లో కనేస్తే ఇంకేం చేస్తామే నజీరా?" అంది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నంబరు నా దగ్గర ఉంది. శనివారం రాసుకోలేదని రాశాను. ఇల్మా లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను. ఇవాళ మూడుసార్లు సెంటర్ ఫోన్ ఎత్తి దించాను. చేస్తే అత్త ఎత్తుతుంది. ఎవరమ్మా అంటుంది. ఏం చెప్పను? ఆ ఇంట్లో ఆ అమ్మాయిని నేనే చంపినట్టవుతుంది.

అట్ట ముక్క చించి పొయ్యిలో వేశాను. ఇల్మా ఏడ్చింది, పుస్తకం చిరిగిందని టీచరు కొడుతుందట.

ఫిబ్రవరి 8

చిన్నరసం మళ్ళీ నెట్ ముందు కూర్చునేది ఎల్లుండి శుక్రవారమే. అది కూడా కూర్చుంటేనే. అప్పటికి ఫోరం బాగుండాలి, తలుపు మూసి ఉండాలి. ఇవాళ కూడా పుర్రె తీశాను. మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చింది.

సంపూర్ణమ్మ గారితో చెబితే? మంచావిడే. కానీ పోయిన సంవత్సరం మా వీధిలో ఒకాయనకి ఉందని తెలిసి, ఆయన ముట్టుకున్న దరఖాస్తుని చీపురుతో చెత్తబుట్టలోకి తోసింది ఈవిడే. నేను చూస్తుండగానే.

ఇక మిగిలింది వెంకటసుబ్బారావు గారొక్కడే. ఆయన మేరీమాత తిరునాళ్ళకి వెళ్ళకపోతే రేపు ఉంటాడు.

భయంగా ఉంది. భయపడాల్సిందేం లేదని ఇవాళ రాయను.

ఫిబ్రవరి 9, గురువారం

గుణదల అంతా జనం. మా గుమ్మం ముందునుంచే కొండకి నడక. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, తలనీలాలు ఇచ్చి గుండుతో వస్తున్న పిల్లలు. అందరి మతాల వాళ్ళూ వెళ్తారు. మా అఫ్సా వదిన కూడా అమన్‌కి జ్వరం తగ్గితే వస్తానని మొక్కుకుందట. బస్సులు కదల్లేదు. బెంజ్ సర్కిల్ దాకా నడిచాను.

ఆయన ఉన్నాడు. పనివాళ్ళిద్దరూ సెలవు. చెప్పులు విప్పాను.

"మళ్ళీ వచ్చావా? సంపూర్ణమ్మ గారు ఏమన్నారు?"

"ఆవిడకి చెప్పలేదండి. తలుపు వేయమంటారా?"

మొహం చూసి ఏమనుకున్నాడో, తనే లేచి తలుపు వేశాడు. నిలబడే చెప్పాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు.

"నాకు హెచ్‌ఐవీ ఉందండి. ఆ పేజీలో రాసుకునే ఇరవై ముగ్గురికీ ఉంది. ఆవిడ జాగాలో దొంగతనంగా పెట్టింది నేను. తలుపు తీసి ఉంచింది నేను. వాళ్ళెవరో మీరు చూడకండి. నా పేరు నజీరా, మా ఆయన అబ్దుల్ రవూఫ్, మాది గుణదల. నాది మీరు ఎవరికి చెప్పుకున్నా సరే."

రాసేశాను. ఆ పేరు ఈ డైరీలో రాసేశాను.

కింద రోడ్డు మీద భజన పోతోంది. అంత గొంతున్న మనిషి మెల్లగా అన్నాడు. "తియ్యమంటే తీస్తానమ్మా. కానీ ఏం తీస్తన్నానో చూడకుండా తియ్యకూడదు. చూస్తే మరి చదవకుండా ఉండలేను, నేనూ మనిషినే." తువ్వాలు భుజాన వేసుకుని కుర్చీలోంచి లేచాడు. "నువ్వే కూర్చో."

"నాకు రాదండి."

"చెప్తాగా." కిటికీ దగ్గరికి పోయి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అక్కడి నుంచే ఒక్కొక్క అక్షరం చెప్పాడు. "ఖాళీ వదులు. ఇప్పుడు ఫోల్డరు పేరు. ఎంటర్ కొట్టబాక! ముందు చదువుకో. సరిగ్గా ఉందా? మళ్ళీ చదువుకో. నీది ఎక్కించే పాస్‌వర్డు కాదిది. ఇక్కడ ఒక్క అక్షరం అటైందంటే ఊళ్ళో అరవై మంది సైట్లు పోతాయి. మా అమ్మాయి పెళ్ళి ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి."

ఏడుసార్లు చదువుకున్నాను. జీవితంలో ఏ ఫారాన్నీ అట్లా చదవలేదు. బిస్మిల్లా అని ఎంటర్ కొట్టాను.

స్క్రీన్ మీద ఏమీ రాలేదు.

"ఏమీ అనలేదండి," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"అనదమ్మా. పనైపోతే ఏమీ అనదు. కాకపోతేనే అరుస్తుంది."

మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. కుర్చీ తుడవలేదు. అది చూడ్డానికే తిరిగానని నాకు తెలుసు.

ఫిబ్రవరి 10, శుక్రవారం

పుర్రె రాలేదు. ఎర్ర గీత లేదు.

పొద్దున్నే అందరికీ రాసి పెట్టాను. తలుపు తీసి ఉంచిన తప్పు నాది. మీ ఊళ్ళూ భర్తల పేర్లూ అడిగిన తప్పు కూడా నాదే. మొదట దూరినవాడు అవి చూశాడో లేదో నాకు తెలియదు, చూడలేదని అబద్ధం చెప్పను. ఇప్పుడు మీ మామిడి పేర్లు తప్ప ఇక్కడ ఏమీ లేవు. తిట్టాలంటే తిట్టండి, మాత్రలు మాత్రం మానొద్దు. చిన్నరసం, నీ మాత్ర తీసి ఉంచారమ్మా.

ఇప్పుడు ఎవరెవరు ఉన్నారో పేజీ కింద కనపడుతుంది. మూడూ పదికి చిన్నరసం అని వచ్చింది. నేను ఒకాయన రేషన్ కార్డు నింపుతున్నాను. ఆయన పేరు రెండుసార్లు తప్పు కొట్టాను. పదకొండు నిమిషాలు ఉంది ఆ పేరు. తర్వాత పోయింది. ఒక్క ముక్క రాయలేదు.

పచ్చడికాయ మాత్రం చాలా తిట్టాడు. నాకు తగిన శాస్తే. బంగినపల్లి ఇంక రానని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 11

ఎవరన్నా ఫోన్ చేస్తే ఉలిక్కిపడుతున్నాను. వెంకటసుబ్బారావు గారు చెప్పేసి ఉంటాడా? ఊరు చిన్నది, ఆయన గొంతు పెద్దది.

ఫిబ్రవరి 13, సోమవారం

చచ్చాననుకున్నాను. ఆయనే సెంటర్‌కి వచ్చాడు, సంపూర్ణమ్మ గారు కౌంటర్లో ఉండగానే. నా చేతిలోని దరఖాస్తులు కింద పడ్డాయి.

"సంపూర్ణమ్మ గారూ, మీ అమ్మాయికి తీసే హక్కు కూడా ఇచ్చేస్తన్నాను. ఊరికే నా మెట్లెక్కించబాకండి."

"అమ్మో! పోయిన వాడిలాగా ఇదీ తుడిచేసి పోతే?"

"ఈ అమ్మాయి ఎంటర్ కొట్టేముందు ఏడుసార్లు చదువుద్దండీ. నేను చూశా."

చూశాడన్నమాట. కిటికీ అద్దంలో. ఏం చూశాడో, ఎంత చూశాడో, అడగను. కాయితం ముక్క మీద కొత్త పాస్‌వర్డు రాసి, మడిచి, నా చేతిలోనే పెట్టి వెళ్ళిపోయాడు. సంపూర్ణమ్మ గారు, "నువ్వెప్పుడు పోయావే ఆయన దగ్గరికి?" అంది. ఏదో చెప్పాను. నమ్మిందో లేదో.

ఫిబ్రవరి 15

ఏమీ లేదు.

ఫిబ్రవరి 17, శుక్రవారం

మూడు గంటలైంది, నాలుగైంది. చిన్నరసం రాలేదు. రెండో వారం దాటిపోయింది. ఇంట్లోనే కనేసింది. అంతే, అయిపోయింది.

తెరేసమ్మ గారికి ఫోన్ చేయడానికి ధైర్యం లేదు.

ఫిబ్రవరి 19, ఆదివారం

సెంటర్ సెలవు. అయినా తాళం తీసుకుని వెళ్ళాను, ఇంట్లో ఉండలేక.

చిన్నరసం రాసింది! ఆసుపత్రిలో తెరేసమ్మ గారి గదిలోని కంప్యూటరు నుంచి, తను చెబుతుంటే ఆవిడ ఒక్క వేలితో కొట్టిందట. శుక్రవారం పొద్దున్నే నొప్పులు. ఉమ్మనీరు మాటే చెప్పిందట అత్తతో. అత్త తిట్టుకుంటూనే ఆటో ఎక్కించిందట. దారిలో బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోతే, ఆటోవాణ్ణి ఈమే అరిచి తిట్టిందట. మాత్ర వేశారు. సాయంత్రం ఆరింటికి ఆడపిల్ల. చుక్కలు వేశారు. పాపకి ఉందో లేదో పద్దెనిమిది నెలలకు గానీ గట్టిగా చెప్పలేరట. అప్పటిదాకా ఆగాలి.

చివర ఇలా ఉంది: "అక్కా, మన పేర్లలో పాపకి ఏది మిగిలింది? బంగినపల్లి ఖాళీ అయిందంటగా, అది పెట్టనా?"

ఇలా రాశాను. "పాపకి మన పేర్లు వద్దమ్మా. మనవి దాక్కోవడానికి పెట్టుకున్నవి. దానికి సొంత పేరు పెట్టు, వీధి చివరి దాకా వినపడేలా పిలువు."

అరగంటకి జవాబు వచ్చింది. ఒకే ఒక్క మాట, పాప పేరు. మంచి పేరు. సెంటర్లో ఎవరూ లేరు కదా, ఒకసారి పైకే పిలిచి చూశాను.

ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను.